వేలిముద్ర: ఒక పోలీసు శాస్త్రం పూర్వాపరాలు

తెలుగులో ‘వేలిముద్రగాడు’ అన్నమాట తిట్టు. చదువురానివాడని దాని అర్థం. ప్రామిసరీ నోటు మీద, కౌలు కాగితం మీద, కూలి మస్టరు మీద సంతకం పెట్టలేక బొటనవేలు సిరాలో అద్దినవాడు వేలిముద్రగాడు. మన కథల్లో ఆ నల్లటి వేలు అప్పుకీ, మోసానికీ, నిస్సహాయతకీ గుర్తుగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అయితే ఆ ముద్రకు ఇంకో చరిత్ర వుంది. అది షావుకారు కొట్లో నడిచింది కాదు. కలెక్టరు కచేరీలో మొదలై పోలీసు ఠాణాలో స్థిరపడిన చరిత్ర. మొదటిదాన్ని చూసినంత శ్రద్ధగా రెండోదాన్ని మన రచయితలు చూడలేదు. ఇవాళ కెమెరాలు, కంప్యూటర్లు, ముఖాన్ని గుర్తుపట్టే యంత్రాలు పోలీసుల చేతికి వచ్చాక, మనిషి సొంత బతుకులోకి రాజ్యం ఎంతదాకా తొంగిచూడవచ్చు అన్న ప్రశ్న పెద్దదయింది. చాలామంది దీన్ని కంప్యూటరు తెచ్చిన ప్రశ్న అనుకుంటున్నారు. కాదు. దాని వయసు నూట అరవై ఏళ్లు దాటింది. పుట్టినచోటు లండనూ కాదు, న్యూయార్కూ కాదు, బెంగాల్.

1858 జులై. సిపాయిల తిరుగుబాటు ఇంకా పూర్తిగా చల్లారలేదు. బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం జేమ్స్ హెర్షెల్ అనే పాతికేళ్ల సివిలు ఉద్యోగి వున్నాడు. ఖగోళశాస్త్రంలో పేరుమోసిన హెర్షెల్ కుటుంబం వాడే. రోడ్డుకు కంకర సరఫరా చెయ్యడానికి రాజ్యధర్ కోనాయి అనే బెంగాలీతో ఒప్పందం రాయించాడు. కోనాయి సంతకం పెట్టబోతుంటే ఆపి, ఆఫీసు ముద్రకు వాడే నూనె సిరా అతని అరచేతికి పూసి, కాగితం వెనక మొత్తం చెయ్యి అచ్చు వేయించాడు. ఎందుకు? వేళ్ల గీతలు ఏ ఇద్దరికీ ఒకటిగా వుండవని ఆనాటికి హెర్షెల్‌కి తెలియదు. 1916లో అచ్చయిన తన పుస్తకంలో అతనే కారణం చెప్పాడు: రేపు ‘ఈ సంతకం నాది కాదు’ అనే ఆలోచన కోనాయికి రాకుండా బెదరగొట్టడానికి. శాస్త్రం తరవాత వచ్చింది. బెదిరింపు ముందు వచ్చింది. ఈ వరసను పాఠకులు గుర్తుంచుకోవాలి.

కోనాయి ఆ రోజు ఏమనుకున్నాడో ఎవరూ రాయలేదు. ప్రపంచంలో పాలనా వ్యవహారానికి చేతి ముద్ర ఇచ్చినవాళ్లలో అతని పేరు ముందు వస్తుంది. అతని చెయ్యి మిగిలింది, మాట మిగల్లేదు.

రెండేళ్లకు హెర్షెల్ నదియా జిల్లా మేజిస్ట్రేటు అయ్యాడు. అప్పుడక్కడ నీలిమందు రైతుల తిరుగుబాటు ఉధృతంగా వుంది. తోటదొరలు రైతుల పేర దొంగ ఒప్పందాలు సృష్టిస్తున్నారని రైతులు, రైతులే రాసిచ్చి కాదంటున్నారని దొరలు. ఈ గొడవకు వేలిముద్ర మందని హెర్షెల్‌కి తోచింది, పైవాళ్లకు నచ్చలేదు. సాహిత్య విద్యార్థులకు దీనబంధు మిత్ర ‘నీలదర్పణం’ తెలుసు. ఆ నాటకం వచ్చింది 1860లోనే. అంటే ఒకే కల్లోలం నుంచి ఒకవైపు దోపిడీని చూపించే అద్దం పుట్టింది, ఇంకోవైపు దోపిడీకి గురయ్యేవాణ్ణి కాగితానికి కట్టేసే ముద్ర పుట్టింది. చరిత్రలో ఇలాంటి కవలలు అరుదు.

1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా హెర్షెల్ తన పద్ధతిని మూడు చోట్ల అమలుపెట్టాడు: దస్తావేజుల రిజిస్ట్రీలో, పింఛన్ల దగ్గర, జైల్లో. చచ్చినవాడి పింఛను బతికినవాడు తీసుకోకుండా, శిక్ష పడ్డవాడి బదులు డబ్బు తీసుకుని ఇంకొకడు జైల్లో కూచోకుండా. ఈ మూడూ సమంజసమైన ప్రయోజనాలే. దీన్ని ఒప్పుకోకపోతే మనం చరిత్ర రాయడం లేదు, నిందాస్తుతి రాస్తున్నాం. కాని పింఛను తీసుకునే ముసలివాడూ, జైలుకు పోయే ఖైదీ ఒకే సిరా డబ్బాలో వేలు ముంచవలసి రావడం ఆ జిల్లాలో మొదలైంది. నూరేళ్లు దాటాక రేషన్ షాపులో యంత్రం మీద వేలు పెట్టి, కూలిపని చేసి గీతలు అరిగిపోయినందువల్ల యంత్రం గుర్తుపట్టక, బియ్యం లేకుండా తిరిగొచ్చిన మనిషి ఈ వరసలోని వాడే.

తరవాతి ఘట్టాలు త్వరగా చెప్పుకోవచ్చు. 1880లో టోక్యోలో వున్న స్కాట్లండు వైద్యుడు హెన్రీ ఫాల్డ్స్, నేరం జరిగినచోట దొరికే వేలిముద్రతో నేరస్తుణ్ణి పట్టవచ్చని ‘నేచర్’ పత్రికకు రాశాడు. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ ‘వేలిముద్రలు’ అన్న పుస్తకం వేశాడు. మేలుజాతి మనుషుల్ని పెంచాలనే యూజెనిక్స్ వాదానికి పేరుపెట్టింది ఈ గాల్టనే. వేళ్ల గీతల్లో జాతి లక్షణాలు, గుణగణాలు కనిపిస్తాయని ఆశపడి వెతికాడు. కనిపించలేదని చివరికి తనే ఒప్పుకున్నాడు. వేలు మనిషి ఎవరో చెబుతుంది గాని ఎలాంటివాడో చెప్పదు. పోలీసు శాఖ మాత్రం ఈ రెండో సగాన్ని ఏనాడూ మనసారా నమ్మలేదు.

అసలు చిక్కు వేరే వుంది. లక్ష ముద్రలు పోగేస్తే, కొత్తగా వచ్చిన ముద్ర వాటిలో వుందో లేదో వెతికేది ఎట్లా? అప్పటికి పారిస్ పోలీసులు బెర్టిల్లాన్ పద్ధతిలో ఖైదీ తల, చెయ్యి, పాదం వగైరా 11 కొలతలు తీసి కార్డుల్లో రాసుకునేవారు. బెంగాల్ పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరల్ ఎడ్వర్డ్ హెన్రీ 1892లో దీన్నే కలకత్తాకు తెచ్చాడు. కొలిచే జవాను మారితే కొలత మారిపోయేది. హెన్రీ వేలిముద్రల వైపు తిరిగాడు. లెక్కల్లో గట్టివాడని ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి తీసుకున్న అజీజుల్ హక్, అతని సహోద్యోగి హేమచంద్ర బోస్, ఇద్దరూ సబ్ ఇన్‌స్పెక్టర్లు, ఆ పనికి కూచున్నారు.

వాళ్లు తేల్చింది చూడండి. పది వేళ్లను ఐదు జంటలు చేశారు. మొదటి జంటలో సుడి వుంటే 16, రెండో జంటలో 8, తరవాత 4, 2, 1. సుడి లేకపోతే సున్నా. జంటలో ఒక వేలి విలువ పైన, రెండో వేలి విలువ కింద చేర్చుకుంటూ పోయి, పైన ఒకటి, కింద ఒకటి కలిపితే ఒక భిన్నం వస్తుంది. పైన 32 రకాలు, కింద 32 రకాలు, మొత్తం 1024 అరలు. ఏ మనిషి కార్డయినా ఈ అరల్లో ఒక దాంట్లోనే వుండాలి. కంప్యూటరు లేని కాలంలో, చెక్క బీరువాతో, మనిషిని ఒక భిన్నంగా మార్చి నిమిషాల్లో వెతికి తీయడం అది. బోస్ ఇంకో అడుగు వేసి వేలిముద్ర వివరాన్ని టెలిగ్రాములో పంపడానికి సంకేతాలు తయారుచేశాడు. ఇవాళ ఎలక్ట్రానిక్ వ్యవస్థలు చేసే పని తర్కం ఈ బీరువాలో అప్పటికే వుంది.

1897లో ప్రభుత్వం వేసిన కమిటీ ఈ పద్ధతిని మెచ్చుకున్నది. అదే ఏడు కలకత్తా రైటర్స్ బిల్డింగులో వేలిముద్రల బ్యూరో తెరిచారు. 1900లో హెన్రీ పుస్తకం లండనులో వచ్చింది. 1901లో స్కాట్లండ్ యార్డులో బ్యూరో పెట్టారు, 1903లో హెన్రీ లండను పోలీసు కమిషనర్ అయ్యాడు. ప్రపంచమంతా దాన్ని ‘హెన్రీ పద్ధతి’ అంటుంది. హక్‌కి ఖాన్ బహదూర్, బోస్‌కి రాయ్ బహదూర్, చెరి 5000 రూపాయలు ముట్టాయి, అదీ చాలా ఏళ్ల తరవాత. సిబ్బందిలో అందరికన్న ఎక్కువ తోడ్పడింది హక్ అని హెన్రీ 1926లో ఒక ఉత్తరంలో ఒప్పుకున్నాడు. వలస దేశపు మేధస్సు వలస పాలకుడి పేరుతో చలామణి కావడం మనకు కొత్తేమీ కాదు. కాని ఇక్కడ మరొక వ్యంగ్యం వుంది: ఆ మేధస్సు కట్టిన బీరువా అరల్లో మొట్టమొదట పడ్డది దాని సొంత దేశస్తులే.

ఈ శాస్త్రం ఉపయోగం గురించి సందేహం అక్కరలేదు. జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్య జరిగితే, పెట్టెలోని బెంగాలీ పంచాంగం మీద మరకలో వేలి గీతలు కనిపించాయి. అవి పూర్వం దొంగతనంలో శిక్షపడి వెళ్లిన పాత నౌకరువి. కోర్టు దొంగతనానికి శిక్ష వేసింది, హత్య రుజువు కాలేదన్నది. వేలు పెట్టెను తాకిందనే ముద్ర చెబుతుంది, గొంతు కోసిందని చెప్పదు కదా. 1898 నాటి వలస కోర్టు పాటించిన ఈ తేడాను ఇవాళ్టి టీవీ చర్చలు పాటించవు. ఇంకోవైపు, ఇంగ్లండులో అడాల్ఫ్ బెక్ అనే ఆయన్ను ప్రత్యక్ష సాక్షులు పొరపాటున గుర్తుపట్టి రెండుసార్లు దోషిని చేశారు. ఆ సాక్షుల కళ్లకన్న వేలిముద్ర ఎంతో నమ్మదగినది. నిర్దోషిని కాపాడే శక్తి ఈ శాస్త్రానికి నిజంగా వుంది.

దాని బలహీనతను పట్టుకోవడంలో రచయితలు పోలీసులకన్న ముందున్నారు. 1894లో మార్క్ ట్వేన్ వేలిముద్రతో రహస్యం విప్పే నవల రాశాడు. 1903లో కోనన్ డోయల్ దాన్ని తిరగేశాడు. ‘నార్వుడ్ బిల్డర్’ కథలో రక్తపు బొటనవేలి గుర్తు మైనపు అచ్చుతో తయారుచేసిన దొంగ గుర్తు. పోలీసు ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి కేసు ముగిసిందని సంబరపడతాడు. మన డిటెక్టివ్ నవలలు, కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌తో సహా, మనల్ని రాత్రుళ్లు మేలుకోబెట్టాయి గాని సాక్ష్యమే అబద్ధమైతే ఏమిటనే భయాన్ని అంత లోతుగా నాటలేదు. ఆ మైనపు వేలు మళ్లీ 2021లో కనిపించింది. భీమా కోరేగావ్ కేసులో, తెలుగు కవి వరవరరావు కూడా నిందితుడుగా వున్న కేసులో, మరో నిందితుడి కంప్యూటరులోకి బయటినుంచి పత్రాలు చొప్పించారని ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దాన్ని కాదన్నది. తీర్పు చెప్పడం మన పని కాదు. యంత్రం చెప్పిందే సత్యం అనేవాళ్లు మాత్రం 1903 నాటి కథను ఒకసారి చదవాలి. వేలిముద్ర విషయంలోనే 2004లో మాడ్రిడ్ రైలు పేలుళ్ల తరవాత అమెరికా ఎఫ్.బి.ఐ. నిపుణులు ఆరెగాన్ రాష్ట్రపు లాయరు ఒకర్ని తప్పుగా పట్టుకుని, రెండు వారాలు నిర్బంధించి, తరవాత క్షమాపణ చెప్పుకున్నారు. ఆయన ఇస్లాం స్వీకరించినవాడు.

వేలిముద్రను రాజకీయ ప్రశ్నగా మొదట నిలబెట్టింది దక్షిణాఫ్రికాలోని భారతీయులు. 1900లో హెన్రీని అక్కడ పోలీసు దళాన్ని ఏర్పాటు చెయ్యడానికి పంపారు. 1906లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం ఆసియావాసులందరూ పేర్లు నమోదు చేసుకుని వేలిముద్రలు ఇవ్వాలని ఆర్డినెన్సు తెచ్చింది. పక్కనే వున్న నేటాల్ చెరకు తోటల్లో విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి వెళ్లిన తెలుగు కూలీలు వేలమంది వున్నారు. గాంధీ హెన్రీ పుస్తకమే తెప్పించుకుని చదివి, చట్టప్రకారం ముద్రలు అడిగేది నేరస్తుల్నే అని తెలుసుకున్నాడు. 1906 సెప్టెంబరు 11న జోహాన్స్‌బర్గ్ ఎంపైర్ థియేటరులో చేసిన ప్రతిజ్ఞ దీనిమీదే. సత్యాగ్రహం అనే ఆయుధం ఉప్పుకన్న ముందు వేలి కోసం తయారైందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో సరిగా లేదు. బలవంతం లేకుండా ఇస్తే అవమానం కాదని 1908లో గాంధీ రాజీపడ్డాడు, అందుకు సొంతవాళ్ల చేతిలో దెబ్బలు తిన్నాడు. ప్రభుత్వం మాట తప్పిందని అదే ఏడు ఆగస్టులో రిజిస్ట్రేషన్ కాగితాలు తగలబెట్టించాడు. ముద్ర ఇవ్వడమా మానడమా అన్నదానికన్న, కాదనే వీలు వుందా లేదా అన్నది ఆయనకు ముఖ్యమైంది.

కాదనే వీలు లేనివాళ్ల కథకు మన జిల్లాలకే రావాలి. పుట్టుకతో నేరస్తులుగా కొన్ని జాతుల్ని ప్రకటించే చట్టం ఉత్తరాదిన 1871లో వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాష్ట్రానికీ వ్యాపించింది. చిట్టాకెక్కిన జాతి మనిషి ఏ నేరం చెయ్యనక్కరలేదు. వేలిముద్రలు ఎప్పుడడిగితే అప్పుడివ్వాలి, ఊరు దాటితే చెప్పిపోవాలి, సెటిల్‌మెంటులో పెడితే పిలుపు వేళకు హాజరు పలకాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా చట్టంలో వుంది. ఎరుకలవారు అంతకు ముందు ఎవరు? గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పును లోపలి ఊళ్లకు, అక్కడి ధాన్యాన్ని కోస్తాకు చేరవేసిన వర్తకులు. రైలు వచ్చింది, సర్కారు ఉప్పు విధానం వచ్చింది, 1876-78 కరువు వచ్చింది. బతుకు పోయింది. తిరిగే అలవాటు మిగిలింది. ఆ తిరుగుడే నేరమైంది. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ క్రమాన్ని దస్త్రాలతో సహా నిరూపించింది.

బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం, కావలిలో బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటు ఇలా వచ్చినవే. స్టువర్టుపురానికి పేరిచ్చింది మద్రాసు గవర్నరు కార్యవర్గంలోని హెరాల్డ్ స్టువర్ట్. అక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ చీరాల పొగాకు కంపెనీకి చవకగా, పారిపోలేని కూలీలుగా దొరికారు. సంస్కరణ అని దీనికి పేరు. వేలిముద్ర బీరువా, హాజరు పట్టీ, పొగాకు బేళ్లు: మూడింటినీ కలిపి చూస్తే తప్ప పోలీసు శాస్త్రం ఎవరికి లాభించిందో తెలియదు.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఈ చట్టం పోయింది. ఆ చోటులోకి అలవాటుపడ్డ నేరస్తుల చట్టాలు వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. చిట్టా పోలేదు. చిట్టా భాషలోకి కూడా ఎక్కింది. ‘కేడీ’ అన్న తిట్టు పోలీసు రిజిస్టరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలే. ‘రౌడీషీటరు’ అనేది మనిషి పేరుకు ముందు ఇంటిపేరులా వాడుతున్నాం. స్టువర్టుపురం అనే పేరును మన సినిమా 1991లోనూ, 2023లోనూ దొంగల ఊరుగానే అమ్ముకుంది. పోలీసు రిజిస్టరులోని మాటను విచారించకుండా కథలోకి దింపుకున్న ప్రతి రచయితా ఆ రిజిస్టరులో ఒక పేజీ రాసినట్టే. కఠినంగా అంటున్నానేమో, మెత్తగా అనడానికి కారణం కనపడదు.

స్వాతంత్ర్యం తరవాత న్యాయస్థానాల్లో జరిగిన వాదనకు ఒక తెలుగువాడి పేరు విడదీయరాకుండా ముడిపడి వుంది. ఉత్తరప్రదేశ్‌కి చెందిన ఖరక్ సింగ్‌ను 1941లో దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసిన మనిషి పేర హిస్టరీషీటు తెరిచారు. పోలీసులూ చౌకీదార్లూ అర్ధరాత్రి వచ్చి తలుపు బాది లేపి, ఇంట్లో వున్నాడో లేడో చూసిపోయేవారు. 1962లో సుప్రీంకోర్టు ఈ రాత్రి రాకపోకల్ని కొట్టేసింది గాని, ఆంతరంగిక జీవితం అనే హక్కు రాజ్యాంగంలో లేదని మిగతా నిఘాను సమర్థించింది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు, జస్టిస్ షా ఒప్పుకోలేదు. సంకెళ్లు లేనంతమాత్రాన మనిషి స్వేచ్ఛగా వున్నట్టు కాదు. ఎవరో చూస్తున్నారనే భయంతో తిరిగేవాడికి దేశమంతా జైలే అన్నది సుబ్బారావు భిన్న తీర్పు సారం. 1981లో మలక్ సింగ్ కేసులో మరో తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి, నేర నిరోధానికి నిఘా అవసరమే గాని అది మనిషి గౌరవాన్ని నలిపేంతగా వుండరాదని గీత గీయడానికి ప్రయత్నించాడు. సుబ్బారావు మైనారిటీ అభిప్రాయం 55 ఏళ్లు పుస్తకాల్లో వుండి, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకోగా దేశపు చట్టమయింది.

ఇక్కడ కథ సుఖాంతం కావలసింది. కాని ఆ తీర్పు తరవాతి ఐదేళ్లలో పోలీసుల చేతికి వచ్చిన సాధనాలు అంతకు ముందు నూరేళ్లలో రాలేదు. 2018 ఆగస్టులో తెలంగాణ పోలీసులు రోడ్డు మీది మనిషి ఫొటో తీసి పాత నేరస్తుల ఫొటోలతో పోల్చే పద్ధతిని తమ ఫోన్లలోకి తెచ్చారు. తప్పిపోయిన పిల్లల్ని, దిక్కులేని శవాల్ని గుర్తించడానికి ఇలాంటివి పనికొస్తున్న మాట నిజం. వాటికోసమే అయితే ఎవరూ అడ్డుచెప్పరు. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం, బ్రిటిషు వాడి చట్టం, నిర్దోషిగా విడుదలైనవాడి ముద్రల్ని నాశనం చెయ్యాలనేది. దాని స్థానంలో వచ్చిన 2022 చట్టం కంటిపాప గుర్తులూ, శరీర నమూనాలూ తీసుకుని 75 ఏళ్లు దాచుకోనిస్తుంది. నిర్దోషి వివరాలు చెరిపెయ్యాలని అదీ అంటుంది గాని, పై కోర్టుల దారులన్నీ ముగిశాక, అదీ మేజిస్ట్రేటు వుంచమని ఆజ్ఞ రాయకపోతే. ఈ చట్టం 2022 ఆగస్టు 4న అమలులోకి వచ్చింది. అదేరోజు హైదరాబాదు బంజారాహిల్స్‌లో వేలాది కెమెరాల దృశ్యాలు ఒకచోటికి చేరే పోలీసు కమాండ్ కంట్రోల్ భవనం ప్రారంభమయింది. కాకతాళీయమే కావచ్చు.

చూసేవాణ్ణి ఎవరు చూస్తారు? 2024 మార్చిలో హైదరాబాదు పోలీసులు తమ గూఢచారి విభాగం అధికారుల మీదనే కేసు పెట్టారు: రాజకీయులవీ ఇతరులవీ ఫోన్లు అక్రమంగా విన్నారని, ప్రభుత్వం మారగానే ఆ రికార్డుల్ని నాశనం చేశారని ఆరోపణ. నిర్దోషి వేలిముద్రను చెరపడానికి ఇన్ని షరతులు పెట్టుకున్న వ్యవస్థ, తన మీది సాక్ష్యాన్ని చెరపడానికి ఒక రాత్రి చాలునని ఆ ఆరోపణల సారాంశం.

2021 లాక్‌డౌన్ రోజుల్లో హైదరాబాదు పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తియ్యమన్నారు. ఆయన తియ్యనన్నాడు. అలాగే ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారు, నా ముఖాన్ని ఎక్కడ దాచారు అని ఆయన అడిగాడు, హైకోర్టుకు వెళ్లాడు, 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. జంగీపూర్‌లో రాజ్యధర్ కోనాయి అడగలేకపోయిన ప్రశ్న అదే.